లంకల్లో యాస్మిన్ లారీ తరహా వెదురు కట్టడం నిలుస్తుందా?

గౌతమి ఒడ్డు:
మా లంకలో డ్వాక్రా సంఘానికి 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గది ఒకటి కావాలి. సిమెంటు, కంకర అన్నీ పడవ మీద రేవు దాటాల్సిందే, ఖర్చు తడిసి మోపెడవుతోంది. యాస్మిన్ లారీ గారి వెదురు, సున్నం, మట్టి పద్ధతి ఇక్కడ పనికొస్తుందా? 2022 జులై వరదకి ఆ స్థలంలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. వెదురు పుచ్చిపోతుందని కొందరు, తుపానుకి లేచిపోతుందని కొందరు అంటున్నారు.

చూరు కింద:
పనికొస్తుందండి. ఆవిడ ఈ దారి పట్టిందే భూకంపం, వరదల తర్వాత. 1941లో పుట్టారు, ఇంగ్లండులో చదివారు, పాకిస్తాన్‌లో మొదటి మహిళా ఆర్కిటెక్ట్. కరాచీలో పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు కట్టి, 2000లో ప్రాక్టీసు మానేశారు. 2005 భూకంపం తర్వాత బాధితుల మధ్య పని మొదలుపెట్టారు. 2010 వరదల తర్వాత సింధ్‌లో వెదురు, సున్నం, మట్టి మీద నిలబడ్డారు. అక్కడ దర్యాఖాన్‌లో మహిళా కేంద్రాన్ని వెదురు స్తంభాల మీద ఎత్తి కట్టారు. మీకు పనికొచ్చే నమూనా అదే. 2023లో ఆవిడకి బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రాయల్ గోల్డ్ మెడల్ వచ్చింది.

నన్ను అడిగితే, ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సిన అసలు సంగతి కట్టేవాళ్లు ఎవరన్నది. పొగగొట్టం ఉన్న ఆవిడ మట్టి పొయ్యిలు చూడండి, పల్లె ఆడవాళ్లే నేర్చుకుని, పక్క ఊళ్లకి వెళ్లి నేర్పారు. మీ సంఘం వాళ్లు మెత్తే పని నేర్చుకుంటే ఏటా మరమ్మతుకి మేస్త్రీ కోసం రేవు దాటక్కర్లేదు.

కణుపు:
పుచ్చేది వెదురులోని పిండిపదార్థం వల్ల. పురుగు దానికోసమే తొలుస్తుంది. అందుకే మూడేళ్లు నిండిన బొంగే తీసుకోవాలి, కార్తీకం నుంచి పుష్యం లోపు నరికించాలి. లేత బొంగు చవగ్గా దొరికిందని కొంటే రెండో ఏటికే కింద పొడి రాలుతుంది.

మందు: 100 లీటర్ల గోరువెచ్చని నీళ్లకి 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ ఆసిడ్. గొయ్యి తవ్వి టార్పాలిన్ పరిచి అందులో పొయ్యండి. ముందుగా పొడవాటి ఇనప చువ్వతో లోపలి కణుపులన్నీ పొడవాలి. ఇది మానేస్తే మందు లోపలికి దిగదు, బొంగు పైపైన మాత్రమే తడుస్తుంది. బొంగులు తేలతాయి, బరువు పెట్టి పూర్తిగా ముంచి వారం, పది రోజులు ఉంచండి. తర్వాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఎండలో పడుకోబెడితే నెర్రెలిస్తుంది. మిగిలిన మందు నీళ్లు కాలవలోకో, కొబ్బరి మొదళ్లలోకో పొయ్యకండి, బోరాన్ ఎక్కువైతే చెట్టు దెబ్బతింటుంది.

ఈ మందు వానకి కరిగిపోతుంది కూడా. అందుకని బొంగుని నేలలో పాతొద్దు. అరుగు మీద అడుగున్నర దిమ్మె కట్టి, అందులోంచి పైకి వచ్చిన 12 మి.మీ. చువ్వ మీద బొంగు దించి, కింది కణుపుల మధ్య గుల్లలో పల్చటి సిమెంటు పాలు నింపండి. తుపానుకి ఎగరకుండా పట్టేది కూడా ఆ చువ్వే. బొంగు కొసకి దగ్గరగా మేకు కొడితే చీలుతుంది, కణుపు పక్కన బెజ్జం వేసి బోల్టు బిగించండి.

ఏటిగట్టు:
పై మాటకి కొంచెం చేర్పు. అరుగు ఎత్తు 2022 మట్టానికి అడుగు పైన ఉండాలి. 1986 వరద అంతకన్నా పెద్దది, ఊళ్లో పెద్దవాళ్లని అడిగి ఆ గుర్తు కూడా చూసుకోండి. ఆ ఎత్తు మరీ ఎక్కువైతే మట్టి పోసి లేపడం కన్నా స్తంభాల మీద కట్టడమే నయం. ఇంకోటి, గోడ మట్టి తడవకూడదని చూరు నాలుగడుగులు దింపకండి, గాలి కింద నుంచి ఎత్తుతుంది. రెండు, రెండున్నర అడుగులు చాలు. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వైపులా వాలిన కప్పు గాలికి బాగా నిలుస్తుంది. మూలల్లో వెదురుతో ఏటవాలుగా ఇంటూ ఆకారంలో కట్టు తప్పనిసరి.

గౌతమి ఒడ్డు:
చాలా ఉపయోగం అండి. మరి మెత్తడానికి మట్టి? మాది ఇసుక కలిసిన నేల.

చూరు కింద:
అలాగైతే కాలవ పూడిక మట్టి తెచ్చుకోవాల్సిందే. మట్టి మెత్తే పనిలో సున్నం బంకమట్టితో బాగా గట్టిపడుతుంది, ఇసుక ఎక్కువైన మట్టిలో అంత పట్టదు. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కి దిగుతుంది, బంక పైన పొరగా నిలుస్తుంది. ఆ పొర మొత్తం మట్టిలో ఐదో వంతు కూడా లేకపోతే వాడకండి.

పొడి సున్నం సంచీ కన్నా గుల్లసున్నాన్ని విరగబోసి నీళ్లలో మూడు వారాలు నానబెట్టిన ముద్ద మేలు. పది తట్టల మట్టికి ఒక తట్ట సున్నం ముద్ద, రెండంగుళాలు తరిగిన ఎండుగడ్డి. తడిక మీద మొదటి పూత పూర్తిగా ఆరి, బీటలు వచ్చాకే రెండోది వెయ్యాలి. ఆ రెండో పూతకి ఎండ తగలకుండా తడి గోనెలు కప్పి వారం తడపండి, లేకపోతే చేత్తో రుద్దితే పొడి వస్తుంది. పైన సిమెంటు పూత వద్దు, లోపలి తేమ బయటికి పోక మట్టి ఊడిపడుతుంది.

గోడ మొదలెట్టేముందు అడుగు చదరం పలకలు మట్టి, సున్నం పాళ్లు మార్చి ఒకటి 8:1తో, ఒకటి 10:1తో, ఒకటి 12:1తో చెయ్యండి. నెల ఆరాక రాత్రంతా నీళ్ల బకెట్లో ముంచి, పొద్దున్న తీసి గోటితో గీరి చూడండి. కరగనివాటిలో సున్నం తక్కువ పడ్డదే మీ గోడకి.