ఎగ్జిమా వచ్చిన చర్మంలో రోగనిరోధక శక్తి ఎక్కడ తడబడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి

మా పాపకు అటోపిక్ ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉంది. డాక్టర్ గారి వైద్యం నడుస్తోంది, కాబట్టి మందుల గురించి కాదు నా ప్రశ్న. చర్మం గురించి చదివేకొద్దీ ఆశ్చర్యమేస్తోంది. పైపొర పీహెచ్ 5 దగ్గర, కాస్త ఆమ్లంగా ఉండి చాలా సూక్ష్మజీవులను పెరగనివ్వదు. పైపొరలోని కెరటినోసైట్లు అనే కణాలు బ్యాక్టీరియాను చంపే డిఫెన్సిన్లు, క్యాథెలిసిడిన్ లాంటి పెప్టైడ్లను (చిన్న ప్రోటీన్ ముక్కలను) తయారుచేస్తాయి. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలనే రోగనిరోధక కణాలైతే బయటి పదార్థాన్ని పట్టుకుని లింఫ్ గ్రంథుల దాకా మోసుకెళ్లి టి కణాలకు (రోగనిరోధక శక్తిలో భాగమైన ఒక రకం తెల్లరక్తకణాలకు) చూపిస్తాయట. 1868లో వీటిని వర్ణించిన పాల్ లాంగర్‌హాన్స్ నాడీకణాలనుకున్నారు పాపం.

నాకు అర్థం కానిది ఇది. చర్మం పైపొరను దృఢంగా ఉంచే ఫిలాగ్రిన్ ప్రోటీన్ తగ్గి పైపొర బలహీనపడడం ముందా, లోపలి ఇమ్యూన్ కణాలు రెచ్చిపోవడం ముందా? రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని చదివాను. అలాంటప్పుడు మాయిశ్చరైజర్ బాగా రాస్తే తేమ నిలవడం వరకేనా, లోపలి ఇన్‌ఫ్లమేషన్ (ఇమ్యూన్ కణాల వల్ల వచ్చే ఎరుపు, వాపు) కూడా తగ్గుతుందా?

ఇంకొకటి. ఎగ్జిమా చర్మం మీద స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఎక్కువగా చేరుతుంది కదా, మరి ఆ పెప్టైడ్లు అక్కడ ఎందుకు చాలడం లేదు? రాత్రిళ్లు పాప గోక్కుంటుంటే చూడలేకపోతున్నాను. చర్మవ్యాధులు, ఇమ్యునాలజీ చదివినవాళ్లు తేలిక మాటల్లో వివరిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.