1942 తర్వాత మద్రాసు శాసనసభ్యుల సభ్యత్వం ఏమైంది?

1937 ఎన్నికల్లో ఏర్పడిన మద్రాసు శాసనసభ (215 స్థానాలు) అదే ఏడాది జులైలో తొలిసారి సమావేశమైంది. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం సభ గడువు అయిదేళ్లు. రెండో ప్రపంచ యుద్ధం విషయమై 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది, ఆ చట్టంలోని సెక్షన్ 93 కింద పాలన గవర్నరు చేతికి వెళ్లింది. మళ్లీ ఎన్నికలు 1946లోనే.

సభ 1939లోనే రద్దయిందని కొన్ని వ్యాసాలు తేల్చేస్తాయి. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. బులుసు సాంబమూర్తి 1942 దాకా స్పీకరుగా ఉన్నారంటే సభ బతికే ఉందన్నమాట! చట్టం పాఠం చదివాను. సెక్షన్ 93 ప్రకటన అధికారాలను గవర్నరుకు ఇస్తుంది, దానంతటదే సభను రద్దు చేయదు. శాసనసభ్యుల జాబితాలు తిరగేస్తే 1937 తర్వాత నేరుగా 1946కు దూకుతున్నాయి. కేంద్ర శాసనసభ సంగతి తెలుసు: 1934లో ఎన్నికైనదాన్ని పొడిగిస్తూ 1945 దాకా లాక్కొచ్చారు. అది వేరే సభ, దాన్నిబట్టి మద్రాసు సంగతి చెప్పలేం.

ఆంధ్ర జిల్లాల సభ్యుల పట్టికలో ‘పదవీకాలం ముగింపు’ గడి దగ్గర ఆగిపోయాను. 1942 జులైలో అయిదేళ్లు నిండాక మద్రాసు సభ గడువును పొడిగించారా, లేక సభ్యత్వాలు అక్కడితో ముగిశాయా? గెజెట్ ప్రకటన తేదీతో చెప్పగలిగినవారు చెప్పండి.