బాస్కెట్‌బాల్ మేటి హాస్యనటుడు ఎలా అయ్యాడు? బెంజీ పారస్ గురించి ఒక సందేహం

ప్రశ్న: తుంగభద్ర గట్టు, కర్నూలు

మా కాలేజీ మైదానంలో సాయంత్రం పూట పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను. నెట్లు ఎప్పుడో చిరిగిపోయి ఉత్త రింగులు మిగిలిన సిమెంటు కోర్టు అది. మా జట్టులో బాగా పొడవైన డిగ్రీ కుర్రాడొకడు ఉన్నాడు. రింగు కింద నిలబడితే వాణ్ణి కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆట ఆగిన మరుక్షణం రిఫరీని, నన్ను, క్యాంటీన్ యజమానిని అనుకరిస్తూ అందరినీ నవ్విస్తాడు. ఈ రెండూ కూడు పెట్టవని వాళ్ల నాన్నగారి బాధ.

వాడికి ఉదాహరణగా చూపడానికి వెతుకుతుంటే ఫిలిప్పీన్స్ ఆటగాడు బెంజీ పారస్ గురించి తెలిసింది. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ పీబీఏలో 1989లో షెల్ జట్టు తరఫున అడుగుపెట్టి, ఆ ఒక్క సీజన్‌లోనే ఉత్తమ కొత్త ఆటగాడిగానూ, అత్యంత విలువైన ఆటగాడిగానూ ఎంపికయ్యారు. ఒకే సీజన్‌లో ఆ రెండు పురస్కారాలూ అందుకున్నవారు ఆ లీగ్ చరిత్రలో మరొకరు లేరు. అంతటివాడు తరువాత హాస్యనటుడిగా, టీవీలో ఇంటింటికీ తెలిసిన ముఖంగా స్థిరపడ్డారు. అక్కడి ప్రేక్షకులు దీన్ని ఎలా ఒప్పుకున్నారు? ఆటగాడిగా ఆయన గౌరవం తగ్గలేదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: పెన్నా తీరం, కడప

సార్, దీనికి సమాధానం పారస్ ఒక్కరిలో దొరకదు, ఆ లీగ్ నడిచే తీరులో ఉంది. 1975లో మొదలైన పీబీఏ ఆసియాలోనే తొలి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. అందులోని జట్లకు మన ఐపీఎల్‌లో మాదిరిగా ఊళ్ల పేర్లు ఉండవు, కంపెనీల పేర్లూ వాటి సరుకుల పేర్లూ ఉంటాయి. షెల్ పెట్రోలు కంపెనీ, శాన్ మిగెల్ బీరు కంపెనీ, జినెబ్రా ఒక మద్యం పేరు. ఆటగాడు బంతి పట్టుకున్న ప్రతిసారీ ఒక సరుకుకు ప్రచారం జరుగుతున్నట్టే లెక్క. కాబట్టి ఆటగాడి ముఖం జనానికి తెలియాలి, అతని మాట జనానికి నచ్చాలి అన్నది కంపెనీకే అవసరం.

మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రైల్వేలూ, బ్యాంకులూ, ప్రభుత్వరంగ సంస్థలూ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను స్పోర్ట్స్ కోటాలో తీసుకుంటాయి. నెలజీతం, పింఛను, కుటుంబానికి భరోసా దొరుకుతాయి. అదేమీ తక్కువ విషయం కాదు. అయితే టోర్నమెంటు ముగిశాక ఆ ఆటగాడు ఫైళ్ల వెనక కూర్చుంటాడు, పక్క సీటులోని ఉద్యోగికి కూడా అతని ఆట సంగతి తెలియకపోవచ్చు. అక్కడి కంపెనీ తన ఆటగాణ్ణి గోడ మీది పోస్టరులో నిలబెడుతుంది.

పైగా ఈ దారి పారస్‌తో మొదలైనదేమీ కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఆడిన ఫ్రెడ్డీ వెబ్ తరువాత టీవీ హాస్య ధారావాహికల్లో నటించారు, 1992లో సెనేటర్ కూడా అయ్యారు. జినెబ్రా జట్టులో ఆడుతూనే దానికి కోచ్‌గానూ వ్యవహరించిన రాబర్ట్ జవోర్‌స్కీ 1998లో సెనేట్‌కు ఎన్నికయ్యారు. ఈ జవోర్‌స్కీ గారి జట్టే, అప్పట్లో అన్యెహో అనే మరో సరుకు పేరుతో ఆడుతూ, 1990 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో రిఫరీల మీద అలిగి మధ్యలో కోర్టు వదిలి వెళ్లిపోయింది. ట్రోఫీ పారస్ ఆడే షెల్‌కు దక్కింది. ఇలాంటి నాటకీయతంతా ఇంట్లో కూర్చుని చూసిన ప్రేక్షకులకు, అందులోని ఒక పాత్ర మరో ఛానెల్‌లో నవ్విస్తూ కనిపిస్తే వింతగా ఎందుకు ఉంటుంది?

జవాబు: అనంత సెంటర్, అనంతపురం

పై మిత్రులు చెప్పిన వ్యాపార కారణాన్ని ఒప్పుకుంటాను గానీ, దానితోనే సరిపెట్టలేము. పోస్టరు మీదికెక్కిన ఆటగాళ్లందరూ నవ్వించలేకపోయారు కదా.

క్రీడాకారుడు హాస్య కార్యక్రమంలోకి రావడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేది నవజ్యోత్ సింగ్ సిద్ధూ. 1999లో క్రికెట్ వదిలేసి, 2005లో టీవీ హాస్య పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. ఆయన మాటల పోగు ఎంత రంజుగా ఉన్నా, కుర్చీలో కూర్చుని ఇతరుల హాస్యానికి పగలబడి నవ్వడమే అక్కడ ప్రధానంగా ఆయన పని. పారస్ చేసింది అంతకంటే కష్టమైనదని నా అభిప్రాయం. అభిమానులు ‘టవర్ ఆఫ్ పవర్’ అని పిలుచుకున్న మనిషి, ఆ భారీ శరీరాన్నే నవ్వులపాలు కావడానికి అప్పగించారు. బలవంతుడు భయపడటం, ఆజానుబాహువు అమాయకంగా ముఖం పెట్టడం జనాన్ని నవ్విస్తాయి. కానీ తన బలం మీద తనకు అనుమానం లేనివాడే అలా ముఖం పెట్టగలడు.

ఇంకొక్క సంగతి, నేను కూడా సెంటర్‌గా, అంటే రింగు దగ్గర నిలబడి ఆడే పొడవైన ఆటగాడిగా ఆడినవాణ్ణి కనుక చెబుతున్నాను. రింగుకు వీపు పెట్టి బంతి అందుకున్న సెంటర్ వెంటనే తిరగడు. వెనకవాడి మోచేయి నడుము మీద ఎటు ఒత్తుతోందో గమనిస్తాడు, కుడి భుజాన్ని కాస్త దించి ఆ వైపే వెళ్తున్నట్టు నమ్మిస్తాడు, అవతలివాడి బరువు ఆ కాలి మీదికి వాలేదాకా ఓపిక పట్టి అప్పుడు ఎడమకు తిరుగుతాడు. అర క్షణం ముందు తిరిగితే పని చెడుతుంది. హాస్యంలో మాట వదిలే వేళ కూడా ఇదే. మీ కుర్రాడికి రెండూ వచ్చాయంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

తుంగభద్ర గట్టు: ఇద్దరికీ కృతజ్ఞతలు. గౌరవం తగ్గిందా లేదా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. వాళ్ల నాన్నగారు నన్ను అడగబోయేది అదే.

పెన్నా తీరం: తగ్గలేదనడానికి 1999 చాలు సార్. కోర్టులో ఆడుతున్న కాలంలోనే ఆయన నటన మొదలుపెట్టారు. తొలి పురస్కారం అందుకున్న పదేళ్లకు, ముప్పై దాటాక, మళ్లీ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యారు. ఆ ఏడాది షెల్ ఆల్ ఫిలిపినో టైటిల్ కూడా గెలిచింది. విదేశీ ఆటగాళ్లను అనుమతించని ఆ టోర్నమెంటుకే అక్కడ ఎక్కువ ప్రతిష్ఠ. ఆట ముగించినది 2003లో. ఇక కాలేజీ రోజుల ఆట విషయానికొస్తే, 1986లో యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ జట్టు అంతర్ విశ్వవిద్యాలయ టైటిల్ గెలిచినప్పుడు అందులో పారస్ ఉన్నారు. ఆ విశ్వవిద్యాలయానికి మళ్లీ ఆ టైటిల్ దక్కింది 2022లోనే.

ఒక చిన్న మనవి. కుర్రాడికి, వాళ్ల నాన్నగారికి చూపేటప్పుడు హాస్యం వీడియోలతో మొదలుపెట్టకండి. ముందు షెల్ జట్టు పాత మ్యాచ్‌లు చూపండి, ఆ తరువాతే మిగతావి. వరుస తిరగబడితే ఆయన గారు మొదటి నిమిషంలోనే లేచి వెళ్లిపోతారు.