తలుపుల్లేని గోడ అలమర, ఉప్పుగాలి, 1500 రూపాయలు

ప్రశ్న:

నమస్కారం. విశాఖపట్నంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. సముద్రం ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. పడకగదిలో గోడలోకి కట్టిన అలమర ఉంది. వెడల్పు 4 అడుగులు, ఎత్తు 6 అడుగులు, లోతు 15 అంగుళాలు. సిమెంటు అరలు నాలుగు, తలుపులు లేవు. నా చీరలు, మావారి చొక్కాలు, ఎనిమిది నెలల పాప బట్టలు, దుప్పట్లు అన్నీ అందులోనే. ఒకటి లాగితే నాలుగు కింద పడతాయి. వానలు మొదలైతే ముక్కిపోయిన వాసన. కలరా ఉండలు వేసినా పోలేదు. ఇంటి యజమాని గోడకు మేకు కూడా కొట్టనివ్వరు. చేతిలో 1500 రూపాయలున్నాయి. హ్యాంగర్లకు ఒక రాడ్డు, నాలుగు అందమైన పెట్టెలు కొందామనుకుంటున్నాను. దేనితో మొదలుపెట్టమంటారు?

మొదటి జవాబు:

కిరాణా దుకాణంలో అట్టపెట్టెలు ఊరికే ఇస్తారు. రంగు కాగితం అంటించి అరల్లో పేర్చుకోండి. హైదరాబాద్‌లో మేము అలాగే చేశాం, మూడేళ్లుగా బాగున్నాయి. డబ్బంతా రాడ్డుకూ హ్యాంగర్లకూ ఉంచుకోవచ్చు.

రెండో జవాబు:

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ కలరా ఉండలు ఈ రోజే తీసేయండి. అవి ఎక్కువగా నాఫ్తలీన్‌తో చేసినవే. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకు ఆ ఆవిరి పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. పాప బట్టలన్నీ ఉతికి, మంచి ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే తొడగండి. ఉండల బదులు కర్పూరం పెట్టమని ఎవరైనా చెబితే అదీ వద్దు, పసిపిల్లలున్న ఇంట్లో అదీ ప్రమాదమే.

ఇక అలమర సంగతి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే అద్దె ఇళ్లలో ఉన్నాను, ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. ఊళ్లోవాళ్ల జాకెట్లూ చీరలూ నా అలమరలో ఉంటాయి కాబట్టి చెమ్మతో నాకు ప్రతి ఏడాదీ పోరాటమే. ఇక్కడ మొదటి శత్రువు చిందరవందర కాదు, చెమ్మ. అది ఎటు నుంచి వస్తోందో తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు.

తెలుసుకోవడం తేలికే. అలమర ఖాళీ చేసి, జానెడు పాలిథీన్ ముక్కను వెనక గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజుల తరువాత చూడండి. గోడకు ఆనిన వైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచే వస్తోంది. ఆ గోడకు అవతల స్నానాలగది ఉందేమో చూసి యజమానికి చెప్పాలి, అది మీ డబ్బుతో తీరే పని కాదు. గది వైపు మాత్రమే తడి ఉంటే అది గాలిలోని తేమ. దాన్ని మనం సర్దుకోవచ్చు.

రాడ్డు కొనవద్దు. పెద్దవాళ్ల చొక్కా హ్యాంగరు దాదాపు 17 అంగుళాలుంటుంది. మీ అర లోతు 15. తగిలించినవన్నీ ఏటవాలుగా బయటికి పొడుచుకు వస్తాయి. చొక్కాలను చిన్నగా మడిచి, ప్లాస్టిక్ బుట్టల్లో పుస్తకాల్లా నిలబెట్టండి. అన్నీ పైనుంచి కనిపిస్తాయి, ఒకటి తీస్తే పక్కది కదలదు. పక్కల చిల్లులున్న బుట్టలే తీసుకోండి. గాలి ఆడాలి.

అట్టపెట్టెల సలహా ఇచ్చినవారు మంచి మనసుతోనే చెప్పారు, పొడి ఊళ్లో అది పనికొస్తుంది. ఇక్కడ అట్ట తేమ పీల్చుకుంటుంది. అంటించిన జిగురు కోసం సన్నని వెండిరంగు పురుగులు చేరతాయి, ఆ తరువాత చెదలు. అవే పురుగులకు గంజి కూడా ఇష్టం. అందుకే నూలు చీరలను గంజి పెట్టి దాచవద్దు. ఉతికి, బాగా ఆరబెట్టి మడవండి. కట్టుకునే ముందు గంజి పెట్టుకోవచ్చు.

బట్టలను గోడకు ఆనించకుండా రెండు అంగుళాలు వదలండి. వెనుక గాలి తిరిగితే వాసన తగ్గుతుంది.

అడిగినవారు:

అక్కా, భయం వేసి ఉండలు వెంటనే తీసేశాను. పాలిథీన్ ముక్కకు గది వైపే తడి ఉంది, గోడ వైపు పొడిగా ఉంది. కానీ లోపల గోడంతా నల్లటి మచ్చలు. పట్టుచీరలు ఆరు ఉన్నాయి, వాటినీ ఇందులోనే పెట్టవచ్చా?

మూడో జవాబు:

రంగులు వేసే పని నాది. మచ్చల మీద నేరుగా రంగు వేస్తే నెలలో మళ్లీ పైకి వస్తాయి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, పాపను వేరే గదిలో ఉంచి, తడిగుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో గట్టిగా తోమండి. పొడిగా గీకితే బూజు ధూళి గదంతా ఎగురుతుంది. ఫ్యాను పెట్టి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తరువాత వైట్ సిమెంటు రెండు పూతలు చాలు. ఉత్త సున్నం వేస్తే బట్టలకు తెల్లగా అంటుతుంది. లోపల తెల్లగా ఉంటే చీకటి అర కూడా వెలుగుగా కనిపిస్తుంది, అందం కోసం వేరే ఏమీ అక్కర్లేదు. యజమానికి ఒక మాట చెప్పి చేయండి, గోడ బాగుపడుతుంటే ఎవరూ కాదనరు.

రెండో జవాబు ఇచ్చినవారు:

పట్టుచీరలు పై అరలో పెట్టుకోండి. ఒక్కొక్కటి ఉతికిన పాత తెల్ల నూలు గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, లోపల తేమ నిలిచి జరీ నల్లబడుతుంది. మూడు నెలలకోసారి తీసి, నీడలో గాలికి ఆరవేసి, మడత మార్చి పెట్టండి. ఒకే మడత ఏళ్ల తరబడి ఉంటే చీర ఆ గీత దగ్గరే చిరుగుతుంది. ఇలా పోయిన పెళ్లిచీరలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి, అతుకు వేసి ఇవ్వడం తప్ప నేను చేయగలిగింది ఉండదు.

తలుపుల బదులు తెర వేయండి. మేకు అక్కర్లేని స్ప్రింగు రాడ్డు దొరుకుతుంది, రెండు గోడల మధ్య బిగుసుకుని నిలుస్తుంది. తెరకు మీ పాత నూలు చీరే చాలు. అయిదున్నర మీటర్ల చీరలో రెండు మీటర్ల ముక్కలు రెండు కోస్తే, రెండూ కలిపి మీ నాలుగడుగులకు కుచ్చులతో సహా సరిపోతాయి. ఒకటిన్నర మీటర్లు మిగులుతుంది. అది తెల్ల చీరైతే పట్టుచీరలకు చుట్టే గుడ్డలు కొన్ని కూడా అందులోనే వస్తాయి.

అడిగినవారు, మూడు వారాల తరువాత:

పని పూర్తయింది. యజమాని చూసి ఒప్పుకున్నారు. వైట్ సిమెంటు 100, కుంచె 50, బుట్టలు ఆరు 480, స్ప్రింగు రాడ్డు 350, తెర కుట్టినందుకు 60, అరలో పెట్టే ఛార్జింగు దీపం 300. మొత్తం 1340. మా అమ్మ ఇచ్చిన తెల్ల నూలు చీర, నీలం అంచుది, తెర అయింది. సర్దేటప్పుడు రెండేళ్లుగా కట్టని బట్టలు ఒక మూట తేలాయి. మంచివి మా వీధి చివర ఇళ్లలోవాళ్లకు ఇచ్చాను, మెత్తబడిన చీరలతో పాపకు బొంత కుట్టిస్తున్నాను. పాప బట్టలు కింది అరలో పెట్టాను. నిన్న పాకుతూ వెళ్లి తెర పక్కకు లాగి, తన బుట్టలోంచి గౌను ఒకటి తీసి పట్టుకుంది. ఇంకేమీ కింద పడలేదు.

160 రూపాయలు మిగిలాయి. వానలు తగ్గేలోపు ఇంకేమైనా కొనాలా అక్కా?

రెండో జవాబు ఇచ్చినవారు:

ఏమీ కొనవద్దమ్మా. ఎండ వచ్చిన రోజు తెర పూర్తిగా తీసి, ఫ్యాను అటు తిప్పి గంటసేపు ఉంచండి. ఆ దీపాన్నీ దాని తీగనూ మాత్రం పాపకు అందని పై అరలో పెట్టండి.