కారు ఆపే పోలీసు ఒంటి రంగు చూస్తాడా?

నల్లమల:
శుక్రవారం రాత్రి మా ఊళ్లో పోలీసు నా కారు ఆపాడు. వెనక నంబరు ప్లేటు మీది దీపం వెలగడం లేదన్నాడు. లైసెన్సు చూశాక కూడా అసలు ఏ దేశమని రెండుసార్లు అడిగాడు. ఇంటికి వచ్చి చూస్తే దీపం వెలుగుతూనే ఉంది. అమెరికాలో 22 ఏళ్లుగా కారు నడుపుతున్నాను. నా రంగు చూసే ఆపాడని నా నమ్మకం.

గోదారిగట్టు:
రాత్రి అంటున్నారు. వెనక నుంచి వచ్చేవాడికి మీ రంగు ఎలా కనబడింది? నన్ను 11 ఏళ్లలో రెండుసార్లు ఆపారు. రెండుసార్లూ వేగంగా వెళ్లిన తప్పు నాదే.

నల్లమల:
గ్యాస్ స్టేషనులో నా పక్కనే నిలబడి చూశాడు, నేను బయటికి రాగానే వెంట వచ్చాడు. మీ ప్రశ్ననే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షగా మలిచారు. పోలీసులు కార్లు ఆపిన దాదాపు 10 కోట్ల రికార్డులు సేకరించారు. సాయంత్రం ఒకే వేళకు కొన్ని నెలల్లో వెలుతురు ఉంటుంది, కొన్ని నెలల్లో చీకటి పడుతుంది. ఆ రెండింటినీ పోల్చితే, చీకట్లో ఆపినవారిలో నల్లవారి వాటా తగ్గింది. 2020లో అచ్చయిన ఫలితం ఇది.

గోదారిగట్టు:
గ్యాస్ స్టేషను దీపాల కింద మీరు కనబడ్డారంటే, వీధి దీపాల కింద మిగతావారూ కనబడతారు. ఇక చీకటి లెక్క ఎలా నిలుస్తుంది? ముందు దీనికి జవాబు చెప్పండి.

సిరిమువ్వ:
దీపాల దగ్గరే ఆగిపోయారు. 1996లో వ్రెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ట్రాఫిక్ తప్పు నిజంగా ఉంటే చాలు, పోలీసు మనసులో ఏముందో అకారణ సోదాల నుంచి, నిర్బంధం నుంచి కాపాడే రాజ్యాంగ నాలుగో సవరణ కింద చూడనక్కర్లేదని. జాతి చూసి ఆపారంటే సమాన రక్షణ హక్కు కింద విడిగా నిరూపించుకోవాలి. పగిలిన దీపమో, గీత దాటిన చక్రమో ఎవరి కారులో దొరకదు?

బాటసారి:
అందుకే ఫిలడెల్ఫియా నగరం 2021లో అలాంటి కొన్ని చిన్న లోపాలకే కారు ఆపకూడదని చట్టం చేసింది.

గోదారిగట్టు:
ఎంతసేపూ నల్లవారి లెక్కలే! మనం చదువుకుని వచ్చాం, పన్నులు కడుతున్నాం, ఎవరి జోలికీ పోం. వాళ్ల గొడవలోకి మనల్ని ఎందుకు లాగుతారు?

నల్లమల:
ఇంతసేపూ దీపాల చాటున దాచింది ఈ మాటేనా? ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి వ్యక్తి మిన్నెసోటాలో బడి భోజనశాలలో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి ఆయన కారును 40కి పైగా సార్లు ఆపారు. 2016 జూలైలో ఆపినప్పుడు, తన దగ్గర తుపాకీ ఉందని ఆయనే ముందుగా చెప్పాడు. దానికి అనుమతీ ఉంది. అయినా కాల్చి చంపారు. 2017లో ఆ కాల్చిన అధికారి నిర్దోషిగా బయటపడ్డాడు. కాస్టీల్ ఎవరి జోలికి పోయాడు? మనల్ని ఆపితే అన్యాయం, వాళ్లను ఆపితే వాళ్ల తప్పా?

గోదారిగట్టు:
మీకు పౌరసత్వం ఉంది, ఎంత గట్టిగానైనా మాట్లాడగలరు. నేను ఇంకా గ్రీన్ కార్డు వరుసలోనే ఉన్నాను. ఒక్క కేసు పడితే ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ ఆగిపోతాయి. నియమం పాటిస్తే నన్నెవరూ ముట్టుకోరని నమ్మకపోతే నేను పొద్దున్నే కారు తీయలేను. ఆ నమ్మకం కూడా తీసేసుకుంటారా? మా అబ్బాయికి 16 నిండాయి. పోలీసు ఆపితే చేతులు స్టీరింగు మీద కనబడేలా ఉంచాలని, అడగకుండా జేబులో చెయ్యి పెట్టకూడదని వాడికి నేనే నేర్పాను.

నల్లమల:
నేనూ మా అమ్మాయికి అదే నేర్పాను. నియమం పాటిస్తే చాలని నమ్మేవారు అది ఎందుకు నేర్పారు?

గోదారిగట్టు:
ఆ ప్రశ్న మా ఇంట్లో వాడు కూడా అడిగాడు. వాడికే జవాబు చెప్పలేదు.