కాల్ చేయలేనప్పుడు మెసేజ్‌తో ఎమర్జెన్సీ వాళ్ళని పిలవొచ్చా?

వానచినుకు
మా చెల్లికి వినపడదు, మాట కూడా సరిగ్గా రాదు. ఎప్పుడూ ఎవరో ఒకళ్ళం ఇంట్లో ఉంటాం కాబట్టి ఇన్నాళ్ళూ దీని గురించి ఆలోచించలేదు. పోయిన వారం ఒక్కతే ఉన్నప్పుడు బాత్రూంలో జారిపడింది, చెయ్యి విరిగింది, అంబులెన్స్‌కి ఫోన్ చేసినా ఏం చెప్తుంది పాపం, నాకు మెసేజ్ పెట్టింది, నేను మీటింగ్‌లో ఉండి 40 నిమిషాల తర్వాత చూశా. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. ఎమర్జెన్సీ నంబర్‌కి నేరుగా ఎస్సెమ్మెస్ పెడితే తీసుకుంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ
కొన్ని చోట్ల తీసుకుంటారండి, అన్ని చోట్లా కాదు. ఏ దేశమో రాయలేదు కాబట్టి నాకు తెలిసినవి చెప్తా. అమెరికాలో 2014 నుంచి 911కి మెసేజ్ పంపే వీలు వచ్చింది, కానీ ఆ ఏరియా కాల్ సెంటర్ మెసేజ్‌లు తీసుకునేదై ఉండాలి, లేకపోతే కాల్ చేయమని ఆటోమేటిక్ రిప్లై వస్తుంది. బ్రిటన్‌లో అయితే ముందే రిజిస్టర్ చేసుకోవాలి, రిజిస్టర్ అనే మాటని ఇంగ్లీషులో టైప్ చేసి 999కి పంపితే వాళ్ళు వివరాలు పంపుతారు, దానికి ఎస్ అని రిప్లై ఇవ్వాలి, అంతే. దయచేసి ఈ పని ఇవాళే చేయండి, పడిపోయాక రిజిస్టర్ చేసుకునే ఓపిక ఎవరికుంటుంది. ఇంకోటి, మెసేజ్ పంపగానే అందేసిందని అనుకోకూడదు, అటునుంచి రిప్లై వస్తేనే అందినట్టు. రాకపోతే మళ్ళీ పంపాలి. వాట్సాప్‌లో, గ్రూప్ మెసేజ్‌లో పెడితే వెళ్ళదు, మామూలు ఎస్సెమ్మెసే.

మౌనరాగి
అక్కా, నాకూ వినపడదు, నేను ఒకసారి వాడాను. అర్ధరాత్రి నాన్నకి గుండెల్లో నొప్పి, చేతులు వణుకుతూ "నాన్నకి బాలేదు త్వరగా రండి" అని మాత్రం కొట్టా. ఎక్కడికి రావాలి అని అడిగారు, అడ్రస్ పెట్టా, ఏమైంది అన్నారు, అది పెట్టా, ఒక్కో రిప్లైకి ఎదురు చూస్తుంటే ఊపిరాడలేదు. అదే మొదటి మెసేజ్‌లోనే అన్నీ రాసుంటే ఆ టైమంతా మిగిలేది. నాన్న బాగానే ఉన్నారు ఇప్పుడు. అప్పట్నుంచి ఫోన్‌లో డ్రాఫ్ట్ పెట్టుకున్నా: ఎవరు కావాలి (అంబులెన్సా, పోలీసా, ఫైరా), ఏమైంది, ఇంటి నంబర్‌తో సహా అడ్రస్. మెసేజ్‌తో వాళ్ళకి మన లొకేషన్ కరెక్ట్‌గా తెలుస్తుందని నమ్ముకోవద్దు, మనమే రాయాలి.

ఇంగ్లీషులో రాయడమే మంచిది, అక్కడున్నవాళ్ళకి తెలుగు రావాలిగా. పైగా ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క, ఒక్క "స్త్రీ" అని కొడితేనే ఆరు పోతాయి.

గడ్డిపరక
పైన చెప్పినవాటికి తోడు ఒక మాట. గొంతు బాగానే ఉన్నా మాట్లాడితే ప్రమాదం అనే పరిస్థితి, ఇంట్లో ఎవడో దూరాడు, మనం దాక్కున్నాం అనుకోండి, మెసేజ్ పెట్టేముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, వైబ్రేషన్ కూడా తీసేయండి, వాళ్ళ రిప్లై చప్పుడే మనల్ని పట్టిచ్చేస్తుంది. బ్రిటన్‌లో మొబైల్ నుంచి 999కి కాల్ చేసి ఏమీ మాట్లాడలేకపోతే, అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకి కలుపుతారు, కానీ దాంతో మనమెక్కడున్నామో వాళ్ళకి తెలిసిపోదు, చాలామంది తెలుస్తుందనుకుంటారు. కాల్ చేయగలిగితే మాత్రం కాలే చేయండి. చాలా దేశాల్లో మన సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా ఎమర్జెన్సీ కాల్ వేరే కంపెనీ టవర్ మీద వెళ్తుంది, మెసేజ్‌కి ఆ వీలు లేదు.

వానచినుకు
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. రాత్రే రిజిస్టర్ చేయించా, కన్ఫర్మేషన్ మెసేజ్ వచ్చింది. డ్రాఫ్ట్ నేను రాసిస్తే అది చదివి, మరి వాళ్ళొచ్చి తలుపు కొడితే నాకెలా తెలుస్తుంది అని సైగ చేసింది. నాకు అసలు తట్టనే లేదు. ఫోన్ తీసుకుని చివర్లో తనే టైప్ చేసింది, నాకు వినపడదు, వచ్చాక మెసేజ్ పెట్టండి, స్పేర్ తాళం పక్కింటి వాళ్ళ దగ్గరుంది అని. ఇవాళ పొద్దున్నే వెళ్ళి పక్కింటి ఆంటీకి తాళం ఇచ్చొచ్చా.