రోడ్డు ప్రమాదాల లెక్క పోలీసుల ఒక్కరి చేతిలోనే ఉండాలా?

వేళచ్చేరి రైడర్:
చెన్నైలో ఉన్న మనవాళ్లని ఒకటి అడగాలి. 2022లో దేశం మొత్తం మీద ఎక్కువ ప్రమాదాలు తమిళనాడులోనే, 64,105, కాబట్టి ఇక్కడి డ్రైవర్లే అధ్వాన్నం అని మా ఆఫీసు గ్రూపులో ఒకటే వాదన. అదే కేంద్ర రవాణా శాఖ రిపోర్టులో బీహార్ చూడండి, వంద ప్రమాదాలకు 80కి పైగా మరణాలు. ఇక్కడ 28. బీహార్‌లో కింద పడ్డవాళ్లంతా చనిపోతున్నారా? లేదు, దెబ్బలతో బతికినవాళ్లు చాలావరకు కాగితం మీదికే రావట్లేదు. ఈ లెక్కలు వచ్చేది పోలీసు రికార్డుల నుంచే. నా మాట ఏంటంటే, ఎఫ్‌ఐఆర్ తప్పు ఎవరిదో తేల్చడానికి రాసేది, ఆ చోట ప్రమాదం ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి కాదు. 70 శాతానికి పైగా ప్రమాదాలకు అతివేగమే కారణమట. ఆ వేగాన్ని కొలిచిందెవరు? ఎస్సై వచ్చేసరికి బళ్లు పక్కకి తీసేసి ఉంటాయి, కారణం అన్న గడిలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి అతివేగం అని పడుతుంది. డివైడర్‌లో గ్యాప్, వెలగని వీధి దీపం, ఇండికేటర్ లేకుండా ఆపిన లారీ, ఇవేవీ అందులోకి రావు.

క్లెయిమ్ కేసుల లాయర్:
సరే తమ్ముడూ, పోలీసుల్ని తప్పించి ఎవరికిస్తావు? స్పాట్‌కి వెళ్లి బండి సీజ్ చేసే అధికారం వాళ్లదే. 2022 ఏప్రిల్ నుంచి వివరమైన ప్రమాద నివేదిక వాళ్లే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి, చనిపోయినవాళ్ల ఇంటికి పరిహారం చాలావరకు దాని మీదే నడుస్తుంది. ఆసుపత్రి ఒకటి, స్టేషన్ ఒకటి రాస్తే ఇన్సూరెన్స్ వాళ్ల లాయరు ఆ తేడానే పట్టుకుని కేసు కొట్టేయించాలని చూస్తాడు. ప్రమాదం వివరాలు స్పాట్‌లోనే ఎక్కించడానికి ఐఐటీ మద్రాస్ చేసిన ఐరాడ్ యాప్ ఉంది కదా, 2021లో దాన్ని ముందుగా మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో తమిళనాడూ ఒకటి. స్టేషన్‌కి ఇద్దరికి గట్టి ట్రైనింగ్ ఇస్తే చాలు.

క్యాజువాల్టీ నర్సు:
స్టేషన్ గడపే ఎక్కనివాళ్ల సంగతేంటి సార్? గుంతలో బండి స్కిడ్ అయి కాలర్ బోన్ విరిగినవాళ్లు నైట్ డ్యూటీలో వస్తూనే ఉంటారు. ఎదుటి బండి లేదు, కేసు వద్దు సిస్టర్ అంటారు. ఏఆర్ కాపీలో, అంటే ఆసుపత్రి ప్రమాద రిజిస్టర్‌లో, బైక్ మీంచి పడ్డాడని ఒక లైను పడుతుంది, అంతే. ఎక్కడంటే ఓఎంఆర్ అని ఆ పెద్ద రోడ్డు పేరొక్కటే చెబుతారు, రక్తం కారుతున్న మనిషిని ఏ సిగ్నల్ దగ్గర అని గుచ్చి అడిగే తీరిక మాకుండదు. 108లో వస్తే ఎక్కించుకున్న చోటు వాళ్ల దగ్గర ఉంటుంది. ప్రమాద బాధితులకి తమిళనాడు ప్రభుత్వం 2021 చివర్లో మొదలుపెట్టిన 48 గంటల ఉచిత వైద్యం పథకంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరినవాళ్లు కూడా నమోదవుతారు. ఈ రెండూ పోలీసు రికార్డుకి కలపండి, మా చేత మాత్రం ఇంకో ఫారం నింపించొద్దు. ఐసీయూలో పదిహేనో రోజు పోయినవాళ్లు స్టేషన్ లెక్కలో గాయపడ్డవాళ్లుగానే మిగిలిపోకూడదు, 30 రోజుల్లోపు పోతే అది రోడ్డు ప్రమాద మరణమే.

వేళచ్చేరి రైడర్:
అక్కా, నేనడిగేదీ అదే. 2021లో దేశం మొత్తానికి ప్రభుత్వ లెక్క 1.54 లక్షల మరణాలు, డబ్ల్యూహెచ్‌ఓ అంచనా 2.17 లక్షలు. అంచనాలో ఎంత అటూ ఇటూ అయినా ఇది చిన్న తేడా కాదు. లాయర్ గారూ, అమెరికాలో రోడ్డు భద్రత కోసం సేకరించిన సమాచారాన్ని నష్టపరిహారం కేసుల్లో సాక్ష్యంగా వాడకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. మనకీ అలాంటిది వస్తే ఎస్సై కూడా ఉన్నది ఉన్నట్టు రాస్తాడు.

క్లెయిమ్ కేసుల లాయర్:
దీనికి మాత్రం ఒప్పుకోను. ఆ చట్టం చివరికి కాపాడేది రోడ్డు చూసుకోవాల్సిన శాఖనే. ఇక్కడ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ వచ్చింది, రోడ్డు డిజైన్ లేదా మెయింటెనెన్స్ లోపం వల్ల మనిషి పోతే బాధ్యులైన కాంట్రాక్టరుకైనా అధికారులకైనా లక్ష దాకా జరిమానా. ఒకే మలుపులో వరసగా మనుషులు పోతున్నారని డేటా చెబుతుంటే దాన్ని కోర్టుకి చూపించొద్దంటే ఆ సెక్షన్ ఎందుకు? పేర్లు తీసేసి చోటు, టైము, బండి, దెబ్బ ఎంత అన్నది అందరికీ తెరిచి పెట్టండి. కారణం గడి ఎత్తేసి కళ్లతో చూసింది మాత్రమే రాయమనండి, దానికి నేనూ సరే. ఆసుపత్రి రికార్డు మాత్రం దెబ్బ తీవ్రత వరకే.

క్యాజువాల్టీ నర్సు:
తీవ్రత వరకే అంటే ఎఫ్‌ఐఆర్ లేని స్కిడ్ కేసులన్నీ మళ్లీ బయటే ఉంటాయి సార్. ఎఫ్‌ఐఆర్ నంబర్ ఉన్నా లేకపోయినా 108 లొకేషన్‌తో ఆ ఎంట్రీ సిస్టంలోకి వెళ్లాలి, క్లెయిమ్ కావాల్సినవాళ్లు స్టేషన్‌కి వెళ్లి కేసు పెట్టుకుంటారు.